మూడు లక్షల ఎనభై వేల సంగతి ముందు మీరే చెప్పండి

ప్రశ్న: నాకు 37 ఏళ్లు. మాది గూడూరు. ఉద్యోగం చెన్నైలో, మేడవాక్కంలో సొంత ఫ్లాటు, దానిమీద లోను. మా ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచరు. బాబు రెండో తరగతి. నాకు పోకెమాన్ అనే జపాన్ కార్టూన్ బొమ్మల కార్డులు దాచే అలవాటు లాక్‌డౌన్‌లో మొదలైంది. ఎక్కువగా కొత్త సెట్లే. ఇప్పటిదాకా 3,80,000 రూపాయలు పెట్టాను, సగం పైన, లోపల ఏ కార్డులున్నాయో తెలియని ప్యాకులకే పోయింది. అందులో 90,000 ఇంకా క్రెడిట్ కార్డు మీద బాకీ. మా ఆవిడకి నేను చెప్పింది అరవై వేలే. పార్సిళ్లు ఆఫీసుకి తెప్పించుకునేవాణ్ణి. పోయిన నెల జపాన్ నుంచి వచ్చినదాన్ని కొరియర్ అబ్బాయి ఇంటికి తెచ్చి కస్టమ్స్ సుంకం కట్టమన్నాడు. తలుపు తీసింది ఆవిడ. అప్పటినుంచి మాటల్లేవు. “బాబు స్కూలు పక్క కొట్లో ఇరవై రూపాయలకి కొనే అట్టముక్కలకి మీరు వేలు పోస్తున్నారా?” అని ఒకటే మాట. ఇది పెట్టుబడి అనీ, ఒక్క పికాచు కార్డుని 52 లక్షల డాలర్లకి పైగా పెట్టి కొన్నారనీ చెబితే నవ్వేసింది. ఆవిడ పట్టుచీరలు కొంటే నేనెప్పుడూ లెక్క అడగలేదు. ఆవిణ్ణి ఒప్పించేదెలా?
— ఒక పాఠకుడు, చెన్నై

సమాధానం:

ముందు ఆ పికాచు సంగతి తేల్చేద్దాం. మీ వాదనంతా దానిమీదే నిలబెట్టారు మరి.

అది పికాచు ఇల్లస్ట్రేటర్ అనే కార్డు. 1997, 98లలో జపాన్‌లో కోరోకోరో అనే పిల్లల పత్రిక బొమ్మలు గీసే పోటీలు పెట్టి, గెలిచినవాళ్లకి బహుమతిగా ఇచ్చింది. దుకాణంలో ఎన్నడూ అమ్మలేదు. బయటికొచ్చినవి నలభై దాకా. 2021లో దాన్ని కొన్న లోగన్ పాల్ అనే యూట్యూబరు 40 లక్షల డాలర్లు డబ్బుగా ఇచ్చి, మిగతా 12.75 లక్షల డాలర్ల కింద తన దగ్గరున్న అదే కార్డు, 9 గ్రేడుది, అప్పజెప్పాడు (కార్డు ఎంత చెక్కుచెదరకుండా ఉందో చూసి పదికి వేసే మార్కే గ్రేడు). అప్పటికి 10 గ్రేడు వచ్చిన ఇల్లస్ట్రేటర్ అదొక్కటే. ఆ బేరానికీ, మీరు ఆఫీసులో విప్పుకున్న ప్యాకులకీ పికాచు బొమ్మ తప్ప ఇంకేం పొత్తు లేదు. మీ ఆవిడకి ఈ కథ తెలియకపోయినా సరిగ్గానే నవ్వింది.

మీ దగ్గరున్నవి కొత్త సెట్లని మీరే రాశారు. 2023 ఏప్రిల్ నుంచి 2024 మార్చి దాకా, ఆ ఒక్క ఏడాదిలో అచ్చైన పోకెమాన్ కార్డులు సుమారు 1,190 కోట్లు. గిరాకీ ఉన్న సెట్టుని మళ్లీ అచ్చు వేస్తారు కూడా. ఇవాళ దొరక్క మీరు రెండింతలు పెట్టి కొన్న పెట్టె ఆర్నెల్ల తర్వాత మామూలు ధరకి దొరకొచ్చు.

అమెరికాలో బేస్‌బాల్ కార్డులకి ఇదే జరిగింది, మీకు తెలిసే ఉంటుంది. 1952 నాటి మికీ మాంటిల్ కార్డు ఒకటి 2022 ఆగస్టులో 1.26 కోట్ల డాలర్లకి పోయింది. ఆ కాలంలో వాటిని ఎవరూ జాగ్రత్త చేయలేదు. పిల్లలు సైకిలు చక్రం పుల్లల్లో దోపి టపటపలాడించుకున్నారు, అమ్మలు ఇల్లు సర్దుతూ పారేశారు, అమ్ముడుపోని సరుకుని కంపెనీవాళ్లే పడవలో తీసుకెళ్లి సముద్రంలో కుమ్మరించారు. మిగిలిన కొద్దిటికి అందుకే ఆ ధర. అది చూసి 1980ల చివర్లో జనం పెట్టుబడి అంటూ పెట్టెలకి పెట్టెలు కొని అటకెక్కించారు. కంపెనీలూ అంతకంతా అచ్చేశాయి. ఆ పెట్టెలు ఇప్పటికీ విప్పకుండా దొరుకుతాయి, చాలావాటికి అడిగేవాళ్లు లేరు. అందరూ దాచినది అరుదు ఎలా అవుతుంది చెప్పండి.

అందుకని పెట్టుబడి వాదన ఇంతటితో వదిలేయండి. అది నిజం కాదు, పైగా మీకే ఎదురు తిరుగుతుంది. మన ఇళ్లల్లో పెట్టుబడి అనగానే ఆడవాళ్లకి తోచేది బంగారం. గాజులు పట్టుకుని ఉస్మాన్ రోడ్డుకి వెళితే హాల్‌మార్కు చూసి, తూకం వేసి, గంటలో డబ్బు చేతిలో పెడతారు. కొన్నప్పటి తరుగూ మజూరీ పోతాయి, ఒప్పుకుంటాను. మీ కార్డో? గ్రేడింగుకి అమెరికా పంపాలి, ఫీజు కట్టాలి, నెలలు ఆగాలి, వెనక్కి వచ్చేటప్పుడు కస్టమ్స్‌కి జవాబు చెప్పాలి. 10 వస్తుందనుకున్నదానికి 9 వస్తే ధర సగానికి పడిపోవడం మామూలే. ఆ తర్వాత కొనేవాణ్ణి వెతకాలి, వాడు బేరమాడతాడు. రేపు మీ అబ్బాయి ఫీజుకి డబ్బు కావాల్సి వస్తే ఈ రెంటిలో ఏది అక్కరకొస్తుందో ఆవిడకి తెలుసు. సరదాకి పెట్టిన డబ్బుని సరదా ఖర్చనే చెప్పండి. సినిమాకీ, తిరుపతి ప్రయాణానికీ, హోటలుకీ పెట్టేది తిరిగి రావాలని ఎవరం అడగం. ఎంత అని మాత్రం అడుగుతాం.

ఆ ఎంత దగ్గరే మీ చిక్కంతా. ఆవిడకి తెలిసినది అరవై, అసలు మూడు లక్షల ఎనభై. మీరు రాసిన ఉత్తరంలో నన్ను ఎక్కువ కంగారు పెట్టింది ఈ ముక్కే, మీరు మాత్రం ఒక్క వాక్యంలో దాటేశారు. కొరియర్ అబ్బాయి వల్ల ఆవిడకి తెలిసింది ఒక్క పార్సిలు సంగతి. ఆఫీసుకి ఎన్ని వచ్చాయో ఆవిడ ఇప్పుడు మనసులో లెక్క వేసుకుంటూనే ఉంటుంది. ఆ లెక్క మీ అసలు అంకె కంటే పెద్దదైనా కావచ్చు.

ఈ వారంలోనే చెప్పేయండి. మొత్తం చెప్పండి. రెండు లక్షలని చెప్పి, మిగతాది మెల్లగా తీరుస్తాలే అనుకుంటే రెండోసారి దొరికిపోతారు, అప్పుడిక మీరు ఏ అంకె చెప్పినా ఆవిడ నమ్మదు. బాబు పడుకున్నాక కూర్చోబెట్టి ఈ మాత్రం అనండి: “కార్డులకి నేను ఇప్పటిదాకా మూడు లక్షల ఎనభై వేలు పెట్టాను. నీకు అరవై అని అబద్ధం చెప్పాను. తొంభై వేలు ఇంకా కట్టాలి. ఇదిగో స్టేట్‌మెంటు.” అక్కడ ఆపండి. ‘కానీ’ అని మొదలుపెట్టకండి. మీ స్నేహితుడెవరో బైకుకి ఇంకా ఎక్కువ తగలేశాడని ఆ పూట చెప్పొద్దు. ఆవిడ అరిస్తే అరవనివ్వండి, ఏడిస్తే అక్కణ్ణుంచి లేచి వెళ్లకండి. ఆవిడ పరీక్ష పేపర్లు దిద్దుకునే వారం మాత్రం వద్దు. గూడూరు వెళ్లినప్పుడు మీ అమ్మగారి ముందో, ఆవిడ అన్నదమ్ముల ముందో అసలే వద్దు. పెద్దవాళ్లలో ఎవరో ఒకరు మీ పక్షం మాట్లాడతారు, అదింకా ప్రమాదం.

చీరల సంగతి కూడా ఎత్తకండి. ఆవిడ ఏ చీర ఎంతకి కొందో మీకు తెలుసు, ఇంటికి తెచ్చి మీకే ముందు చూపించి ఉంటుంది. లెక్క అడగాల్సిన అవసరం మీకు రాలేదు.

తొంభై వేల బాకీ మీద చాలా కార్డులకి నెలకి మూడు, మూడున్నర శాతం వడ్డీ పడుతుంది. కనీస మొత్తం కట్టుకుంటూ పోతున్నారంటే నెలకి మూడు వేలు వడ్డీకే పోతోంది, అసలు కదలడం లేదు. అది తీరేదాకా కొత్త కార్డు ఒక్కటీ వద్దు. తీర్చడానికి జీతంలోంచి కాదు, కార్డులు దాచిన బైండర్‌లోంచి తీయండి. మీ దృష్టిలో బాగా ధర పలికేవి ఓ పది ఏరి, ఒక్కోదానికి ఎంత వస్తుందనుకుంటున్నారో ముందు కాగితం మీద రాసి ఆవిడకి ఇవ్వండి. తర్వాత అమ్మండి. చెన్నైలోనూ బెంగళూరులోనూ మీలాంటి వాళ్లు కలుసుకుంటూనే ఉంటారు, ఎక్కడో మీకే బాగా తెలుసు. అమెరికా వెబ్‌సైట్లో చూసిన ధరకీ, ఇక్కడ ఒక మనిషి జేబులోంచి తీసి ఇచ్చే డబ్బుకీ తేడా ఎంతో ఇద్దరూ కళ్లారా చూస్తారు. మీరు రాసిన అంకెకి దగ్గరగా వస్తే ఆవిడకి మీ లెక్క మీద కాస్త గురి కుదురుతుంది. సగం వస్తే మీకు కనువిప్పు. ఎటుచూసినా బాకీ తగ్గుతుంది. మనసుకి బాగా దగ్గరైనవి అమ్మమనడం లేదు, వాటిని పక్కన పెట్టుకోండి. ఏవి పక్కన పెట్టుకున్నారో చూస్తే మీకు నిజంగా ఇష్టమైనవి ఎన్నో కూడా తేలుతుంది. సాధారణంగా ఒక చిన్న బైండరు నిండదు.

ఇక ప్యాకులు. సగం పైన వాటికే పోయిందన్నారు చూశారా, అక్కడ నేను మీ ఆవిడ పక్షమే. కావాల్సిన కార్డు ఏదో తెలిసి దాన్నొక్కదాన్నే విడిగా, సింగిల్‌గా కొనడం సేకరణ. ఏం వస్తుందో తెలియని కవరు చించి చూడటం వేరే సంగతి. లాటరీ టికెట్లు 2003లోనే నిషేధించిన రాష్ట్రంలో కూర్చుని మీరు నెలనెలా వెండి కవర్లు చించుతున్నారు. బాకీ తీరాక కూడా సింగిల్సే కొనండి. పండక్కో పుట్టినరోజుకో ఒక ప్యాకు బాబుతో కలిసి విప్పండి, చాలు. మూడు నెలలు ప్యాకు ముట్టకుండా ఉండమంటే మీ వల్ల కాకపోతే, చేతులు దురద పెట్టి రాత్రిపూట ఆర్డర్ పెట్టేస్తుంటే, అది సరదా దాటిపోయిందని అర్థం. అప్పుడు 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అని ప్రభుత్వం నడిపేదే, డబ్బు తీసుకోరు, తెలుగులోనూ మాట్లాడతారు.

జపాన్ నుంచి తెప్పించేవాటి గురించి ఒక మాట. సుంకం కార్డు ధర మీద ఒక్కదానిమీదే పడదు, రవాణా ఖర్చు కూడా కలిపి వేస్తారు. బహుమతి అని రాయిస్తే తప్పించుకోవచ్చని ఇంకా కొందరు సలహా ఇస్తుంటారు. బహుమతులకి ఉన్న అయిదు వేల మినహాయింపుని 2019 డిసెంబరులోనే తీసేశారు, రాఖీల్లాంటివి తప్ప. ధర తక్కువ రాయిస్తే, దారిలో పోయినప్పుడు పరిహారం కూడా ఆ తక్కువ ధరకే. కాబట్టి ఎనిమిది వేల కార్డు మీకు ఎనిమిది వేలకి రాదు. మీ లెక్కలో ఇవన్నీ కలిశాయా? 3,80,000లో సుంకాలు లేకపోతే ఆవిడకి చెప్పేముందు కలపండి.

ఇంత చేశాక మీరు అడగాల్సినవీ ఉన్నాయి. నెలకి ఇంత అని ఒక మొత్తం ఇద్దరూ కూర్చుని అనుకోండి. లోను, స్కూలు ఫీజు, ఇంటి ఖర్చు, దాచుకునేది తీసేశాక మిగిలినదాంట్లోంచి. మీకెంతో ఆవిడకీ అంతే. మీ జీతం ఎక్కువని మీకు ఎక్కువ వద్దు. ఆ డబ్బు దేనికి పెట్టావని ఒకరినొకరు అడగకూడదు. అది రెండు వేలే అయితే రెండు వేలే. పన్నెండు వేల కార్డు కావాలంటే ఆర్నెల్లు కూడబెట్టుకోండి, లేదా ఉన్నదాంట్లో ఒకటి అమ్ముకోండి. పార్సిలు ఇంటికే రావాలి, ఆవిడ పేరు మీద వచ్చినా మంచిదే.

ఆ హద్దులో ఉన్నంతకాలం వెక్కిరింపు ఉండకూడదని కూడా మీరు అడగొచ్చు. ముఖ్యంగా బాబు ముందు. అదేం గొంతెమ్మ కోరిక కాదు. మౌంట్ రోడ్డు హెడ్ పోస్టాఫీసులో తపాలా బిళ్లలు దాచుకునేవాళ్ల కోసం విడిగా బ్యూరోనే ఉంది. అక్కడికి వెళ్లే రిటైర్డు ఆఫీసరుగార్ని చూసి ఎవరూ పిల్లచేష్టలని నవ్వరు. మీది పికాచు అనే పసుపుపచ్చ ఎలుక బొమ్మ కాబట్టి నవ్వుతున్నారు, అంతే తేడా. అయితే ఈ మాట ఇప్పుడు అడగకండి. బాకీ మొత్తం తీరి, చెప్పిన అంకె మీద రెండు మూడు నెలలు నిలబడ్డాక అడగండి.

ఆవిడ కూడా కార్డుల్ని ప్రేమించాలని మాత్రం ఆశ పెట్టుకోవద్దు. ధర చెప్పి మెప్పించాలని చూడటం వల్లే ఇంతవరకూ వచ్చింది. ధర తీసేస్తే చూపించడానికి ఏముందో ఆలోచించండి. దాదాపు ప్రతి కార్డు కింద బొమ్మ వేసినవాళ్ల పేరు ఉంటుంది. యూకా మొరీ అని ఒకావిడ, మట్టితో పోకెమాన్ బొమ్మలు చేసి గడ్డిలోనో రాళ్ల మధ్యో పెట్టి ఫొటో తీస్తుంది, ఆ ఫొటోయే కార్డు. అసాకో ఇటో ఊలుతో అల్లిన బొమ్మలు పెడుతుంది. చిన్నపిల్లలకి పాఠం చెప్పే మనిషికి ఇవి నచ్చే అవకాశం హోలో చారిజార్డ్ అనే తళతళలాడే కార్డు కంటే ఎక్కువ. చాలావరకు చవకైనవి కూడా. నచ్చకపోతే పోనీయండి.

అట్టముక్కల మాటకి కోపం తెచ్చుకోకండి, ఆవిడ పొరబడటంలో తప్పేం లేదు. స్కూలు పక్క కొట్లో అమ్మే ఆ బంగారు రంగు ప్లాస్టిక్ కార్డులు నకిలీవి. రెంటి మీదా అదే బొమ్మ, పైగా నకిలీదే ఎక్కువ మెరుస్తుంది. ఏది ఖరీదైనదని అడిగితే బయటివాళ్లు ఎవరైనా దాన్నే చూపిస్తారు. పక్కపక్కన పెట్టి ఒకసారి చూపించి ఊరుకోండి, ఉపన్యాసం ఇవ్వకండి. ‘బాబు కోసమే కొంటున్నాను’ అనే సాకు కూడా వద్దు, వాణ్ణి ముట్టుకోనిచ్చి ఉండరు. అన్నట్టు, ఇది అసలు ఇద్దరు ఆడుకునే ఆట కదా, అరవై కార్డుల కట్టతో. మీకు ఆడటం వచ్చా? సేకరించే పెద్దవాళ్లలో చాలామందికి రాదు. ప్యాకుల్లో వచ్చి గుట్టగా పడి ఉన్న మామూలు కార్డులతో రెండు కట్టలు పేర్చి ఆదివారాలు బాబుకి నేర్పండి. వాడికి కూడికలు తీసివేతలు కూడా వస్తాయి, అరవై, తొంభై, నూట ఇరవై అని దెబ్బలు లెక్కపెట్టుకోవాలిగా. గుట్టలో వాటికి అంతకంటే మంచి గతి లేదు.

చివరగా, అమ్మకుండా మిగుల్చుకున్నవాటి సంగతి. చెన్నై గాలిలో తేమకి ఫాయిల్ కార్డులు విల్లులా వంగుతాయి. కాగితం పొర తేమ పీల్చి సాగుతుంది, పైనున్న రేకు పొర సాగదు. స్లీవులో పెట్టి, మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, గోడకి ఆనించకుండా ఉంచండి. పొట్లాలు అప్పుడప్పుడూ మార్చాలి. మీరు ఏ అంతస్తులో ఉంటారో రాయలేదు. 2015 డిసెంబరులోనూ, 2023 డిసెంబరు మిగ్జామ్ తుఫానులోనూ పళ్లికరణై, వేళచ్చేరి వైపు ఇళ్లలోకి నీళ్లు ఎలా వచ్చాయో మీ పక్కనే జరిగింది కాబట్టి నేను చెప్పనక్కర్లేదు. కింది అంతస్తయితే మంచం కింద, బీరువా కింది అరలో పెట్టకండి. ఇంటికి బీమా ఉంటే ఇలాంటివి దాని కిందికి వస్తాయో లేదో పాలసీ రాసేవాళ్లని ముందే అడగండి, విడిగా పేర్కొని రాయించకపోతే సాధారణంగా రావు. దానికి రశీదులు కావాలి. ఏ కార్డు, ఎప్పుడు, ఎంతకి కొన్నారో ఒక పట్టిక రాసి, రశీదులతో కలిపి ఇంటి లోను కాగితాలున్న ఫైల్లోనే పెట్టండి, ఆవిడకి చెప్పి.